భయం తెలిసిన మనిషి

(పర్లాకిమిడిలో జరిగిన సంస్మరణ సభలో మేనల్లుడు చేసిన ప్రసంగ పాఠం)

వేదిక మీద ఉన్న పెద్దలకు, మా మావయ్యను ఎరిగిన మిత్రులకు, పాతపట్నం నుంచీ కాశీనగర్, గుణుపురం నుంచీ బరంపురం నుంచీ ఈ సభ కోసం పనులు మానుకుని వచ్చిన వారందరికీ నమస్కారం.

నాకన్నా ముందు మాట్లాడిన వారంతా ఆయనను భయమంటే ఏమిటో ఎరగని మనిషి అన్నారు. కొండలెక్కినవాడు, గుహల్లో దూరినవాడు, యాభై దాటిన తర్వాత కూడా గోపాల్‌పూర్ సముద్రంలో కెరటాలకు ఎదురీదినవాడు కనుక అలా అనిపించడం సహజమే. అయితే ఆ ఇంట్లో పెరిగిన మేనల్లుడిగా నేను ఈ ఒక్క మాటతో విభేదించక తప్పదు. మా మావయ్యకు భయం బాగా తెలుసు. మెరుపుకు భయపడేవారు, దోమకు భయపడేవారు, పాచి పట్టిన బండకు భయపడేవారు, అన్నిటికన్నా ఎక్కువగా తన వెంట నడిచే కుర్రవాళ్ల హుషారుకు భయపడేవారు. ఆ భయాన్ని ఆయన దాచుకోలేదు, దానికి లొంగి ఇంట్లోనూ కూర్చోలేదు. దాని మాట విని సంచి సర్దుకుని, దాని మాట విని దారి మార్చుకుని, అవసరమైన చోట దాని మాట వినే వెనక్కి తిరిగి, బతికినంత కాలం ఈ కొండల్లో తిరిగి, చివరికి సొంత ఇంట్లో, సొంత మంచం మీద, అత్తయ్య పోసిన గుక్కెడు నీళ్లు తాగి వెళ్లిపోయారు. కొండలను ప్రేమించినవాడికి ఇంతకన్నా మంచి చావు ఉంటుందని నేను అనుకోను.

ఆయన ఉద్యోగం గురించి ఎక్కువ చెప్పను. తపాలా శాఖలో గుమాస్తాగా చేరి సబ్ పోస్టుమాస్టరుగా రిటైరయ్యారు. బరంపురం, మోహనా, ఆర్. ఉదయగిరి, గుణుపురం, జయపురం, ఇలా దక్షిణ ఒడిశా అంతా తిరిగారు. తోటివారు కొండ ప్రాంతపు బదిలీ తప్పించుకోవడానికి పైరవీలు చేసుకునే రోజుల్లో ఆయన అడిగి మరీ వేయించుకునేవారు. ఆ విషయంలో మాత్రం పై అధికారులకు ఆయన అంటే ఎంతో ముద్దు.

మన ఊరికీ పాతపట్నానికీ నడుమ మహేంద్రతనయ పారుతోంది. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ఏర్పడిన నాటి నుంచి ఏటికి ఇవతల ఒక రాష్ట్రం, అవతల మరొక రాష్ట్రం. ఆయన చిన్నతనంలో మన ఊరి పిల్లలకు ఈత అంటే అవతలి రాష్ట్రాన్ని ముట్టుకుని, నీలమణి దుర్గమ్మకు ఒక దండం పెట్టి, తిరిగి రావడమే. వాన కురిసిన మర్నాడు ఏరు ఎర్రగా పారుతున్నప్పుడు మిగతా పిల్లలు గట్టు మీద నుంచి దూకేస్తుంటే, తమ్ముడు మాత్రం ఒక ఎండు కొమ్మను నీళ్లలోకి విసిరి, అది ఎటు కొట్టుకుపోతోందో, ఎక్కడ సుడి తిరుగుతోందో, ఎక్కడ ఒడ్డుకు తగులుతోందో చివరి దాకా చూసి, ఆ తగిలిన చోటు నుంచి వెనక్కి లెక్క కట్టుకుని అప్పుడు దిగేవాడని మా అమ్మ చెప్పేది. అందరూ నవ్వేవారట. పిరికివాడని పేరు కూడా పెట్టారట. ఆ పేరు పెట్టిన వారిలో ఒకరిద్దరు ఇప్పుడు ఈ సభలోనే ఉన్నారు. వారిని నేను చూపించను.

ఆ రోజుల్లోనే నౌపడా నుంచి గుణుపురం దాకా నేరో గేజి బండి నడిచేది. 1900లో మన రాజావారి పూనికతో పర్లాకిమిడి దాకా వచ్చిన రైలు అది. తర్వాత గుణుపురం దాకా పొడిగించారు. నడుస్తున్న బండి ఎక్కడం, దిగడం ఊళ్లో కుర్రవాళ్లకు ఒక విద్య. మావయ్యకు ఆ సరదా లేదు. ఆయన పట్టాల పక్కనే కాలినడకన గుణుపురం వైపు వెళ్లి, వంశధార ఒడ్డున రాత్రి ఉండి, మర్నాడు అదే బండిలో బుద్ధిగా టిక్కెట్టు కొనుక్కుని తిరిగి వచ్చేవారు. 2004లో ఆ బండి ఆగిపోయి, 2011 నాటికి గుణుపురం దాకా బ్రాడ్ గేజి వచ్చినప్పుడు ఊరంతా సంబరపడింది. ఆయన కూడా సంబరపడ్డారు కానీ, కొత్త రైలు వేగంలో వాగుల పేర్లు చదువుకునే వీలు లేదని కొంత సణిగారు.

బరంపురంలో ఉద్యోగం చేసిన కాలం ఆయనకు సముద్రాన్ని ఇచ్చింది. గోపాల్‌పూర్ తీరంలో ఒడియావారు నోలియాలు అని పిలిచే మన తెలుగు మత్స్యకారులు ఉన్నారు. తరాలుగా అక్కడే ఉండి, ఇంట్లో తెలుగు, బజారులో ఒడియా మాట్లాడుతూ, వేటకు వెళ్లేవారు. ఆ రోజుల్లో తెప్ప అంటే నాలుగైదు దుంగలను తాళ్లతో కట్టినదే. వేట నుంచి రాగానే కట్లు విప్పి, దుంగలను విడివిడిగా ఇసుక మీద ఆరబెట్టి, మళ్లీ వెళ్లే ముందు కట్టుకునేవారు. తడిసిన దుంగ బరువెక్కి మునుగుతుంది కనుక ఆ కట్టడం, విప్పడం రోజువారీ పని. ఏట్లో ఈత వచ్చినవాడికి సముద్రం ఒక లెక్కా అనుకుని వెళ్లిన మావయ్యను అక్కడ ఒక ముసలి మత్స్యకారుడు అసలు నీళ్లలోకే దిగనివ్వలేదట. "ముందు ఒడ్డు మీద కూకుని సూడు బావూ, కెరటం లెక్క తెలిసినాక అప్పుడు అడుగెట్టు" అన్నాడట. మావయ్య ఆ మాట విన్నారు. సెలవు దొరికిన ప్రతి ఉదయం వెళ్లి ఇసుక మీద కూర్చుని కెరటాలు లెక్కపెట్టారు. పెద్ద కెరటాలు గుంపుగా వస్తాయని, వాటి వెనుక కొంత తెరిపి ఉంటుందని, తెప్పను నీళ్లలోకి నెట్టేది ఆ తెరిపిలోనేనని అక్కడ కూర్చునే తెలుసుకున్నారు.

ఆ ముసలాయన నేర్పిన మరొక విషయం మా ఇంట్లో పిల్లలందరికీ కంఠస్థం. కెరటాలు తెల్లగా విరుగుతున్న తీరంలో ఒక చోట మాత్రం నీళ్లు విరగకుండా, నల్లగా, నెమ్మదిగా కనిపిస్తాయి. కొత్తగా వచ్చినవారు ఇక్కడే బాగుందని సరిగ్గా అక్కడే దిగుతారు. నిజానికి ఒడ్డుకు ఎక్కిన నీళ్లన్నీ తిరిగి లోపలికి పోయే దారి అది. ఆ ధారలో చిక్కినవాడు ఒడ్డు కనిపిస్తోంది కదా అని ఎదురీదుతాడు, ఎంత ఈతగాడైనా కాసేపటికి రెక్కలు పడిపోయి మునిగిపోతాడు. ఆ ధార మనిషిని లోపలికి లాక్కుపోతుందే కానీ అడుక్కి లాగదు, పైగా వెడల్పు తక్కువ. కాబట్టి కంగారు పడకుండా ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈది, ధార దాటిన తర్వాత కెరటాల వెంటే ఒడ్డుకు రావాలి. గోపాల్‌పూర్ వెళ్లినప్పుడల్లా మావయ్య ఈ బొమ్మను ఇసుకలో వేలితో గీసి, ఎవరు దొరికితే వారికి, కొత్తగా పెళ్లయిన జంటలతో సహా, ఒడియాలోనూ తెలుగులోనూ వచ్చీరాని హిందీలోనూ వివరించేవారు. ఆ జంటలు ఆయన ఎప్పుడు వెళతాడా అని చూసేవారు. ఆయనకు అది పట్టేది కాదు.

డార్జిలింగ్ సంగతి మీలో చాలామందికి తెలుసు. 1954లో అక్కడ నెలకొల్పిన హిమాలయన్ మౌంటెనీరింగ్ ఇన్‌స్టిట్యూట్‌లో, టెన్సింగ్ నార్గే తొలి క్షేత్ర శిక్షణాధికారిగా పని చేసిన చోట, పర్వతారోహణ ప్రాథమిక శిక్షణ కోసం మావయ్య ప్రావిడెంట్ ఫండు నుంచి అప్పు తీసి వెళ్లారు. "ఇక్కడున్న కొండలు చాల్లేదా నాయనా" అని అమ్మమ్మ అన్నం మానేసింది. ఆయన వెళ్లారు, వచ్చారు, వచ్చిన మూడో రోజునే గోపాల్‌పూర్ వెళ్లి ఆ ముసలి మత్స్యకారుడి ముందు కూర్చుని, నడుముకు తాడు కట్టుకునే ఒక ముడి వేసి చూపించారు. ఎంత బరువు పడినా బిగుసుకోకుండా, పని అయిపోయాక తేలికగా విప్పుకోగలిగే ముడి అది, బౌలైన్ అంటారు. ముసలాయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, తన తెప్ప కొసన ఉన్న తాడును తెచ్చి పక్కన పెట్టాడట. చుట్టు తిరిగిన దిక్కు వేరు కానీ, దాదాపు అదే ముడి. ఆ కథ చెప్పినప్పుడల్లా మావయ్య, నేను కట్టిన ఫీజులో సగం ఆ తాతకు రావాలి అనేవారు.

ఇక మహేంద్రగిరి. 1501 మీటర్ల ఎత్తున్న ఆ కొండ ఆయనకు ఆటస్థలం, పాఠశాల, చివరి రోజుల్లో ఒక రకంగా ఆసుపత్రి కూడా. పైన భీముడి గుడి, కుంతి గుడి, ధర్మరాజు గుడి అని పిలిచే పాత రాతి ఆలయాలు ఉన్నాయి. వీటిలో కుంతి గుడిని గోకర్ణేశ్వరాలయం అని కూడా అంటారు. ముఖలింగం ప్రాంతం నుంచి కళింగాన్ని ఏలిన తూర్పు గాంగులు తమ రాగి శాసనాల్లో మహేంద్రాచల శిఖరం మీద వెలసిన గోకర్ణస్వామికి మొక్కి మరీ దానాలు చెప్పుకున్నారు. ఇవన్నీ మావయ్యకు తెలుసు, కానీ ఆయన కొండెక్కింది గుడుల కోసం కాదు. వాతావరణం స్వచ్ఛంగా ఉన్న రోజున అక్కడి నుంచి తూర్పున బంగాళాఖాతం కనిపిస్తుంది. కొండ మీద పడ్డ వాన మహేంద్రతనయ పేరుతో ఒక పాయగా మన ఊరి పక్క నుంచి వంశధారకు, మరొక పాయగా బారువ దగ్గర నేరుగా సముద్రానికి ఎలా చేరుతుందో ఒకే చోట నిలబడి వేలితో చూపించవచ్చు. ఆయనకు అది ఇష్టం.

ఇప్పుడు వాహనాలు చాలా ఎత్తు దాకా వెళుతున్నాయి. అప్పుడు లేవు. రాత్రి మూడు గంటలకు లేచి సంచి ఇంకొకసారి విప్పి సర్దేవారు. అటుకులు, బెల్లం, ఉప్పూ పంచదారా కలిపిన పొట్లం, ఒక ఈల, పాత గొడుగు గుడ్డతో కుట్టించిన వానచొక్కా, కెమెరా రీలు వచ్చే నల్లని చిన్న డబ్బాలో మైనం పూసిన అగ్గిపుల్లలు, ఎప్పుడూ వీటికి వాటి వాటి చోట్లు ఉండేవి. చీకట్లో తడిమితే చేతికి తగలాలని ఆయన పట్టు. పైన మన ఊరికన్నా ఎనిమిది, తొమ్మిది డిగ్రీలు చల్లగా ఉంటుంది. తడిసిన బట్టతో గాలిలో నిలబడితే వైశాఖంలో కూడా మనిషి వణికిపోతాడు. అందుకని ఎండ మండిపోతున్న రోజున కూడా ప్రతి ఒక్కరి సంచిలో పొడి చొక్కా ఉందో లేదో స్వయంగా విప్పి చూసేవారు. మగపిల్లలకు ఇది అవమానంగా ఉండేది.

మెరుపు విషయంలో ఆయనది రాజీ లేని పట్టుదల. మెరుపు కనిపించగానే లెక్క మొదలుపెట్టేవారు. శబ్దం ఒక కిలోమీటరు రావడానికి సుమారు మూడు సెకన్లు పడుతుంది కనుక, ముప్పై లెక్కపెట్టే లోపు ఉరుము వినిపిస్తే పిడుగు పది కిలోమీటర్ల లోపే ఉన్నట్టు, అంటే మన మీద పడగలిగేంత దగ్గరలో ఉన్నట్టు. ఆ లెక్క తగ్గితే ఆయన ఇంకొక్క అడుగు పైకి వేయనిచ్చేవారు కాదు. శిఖరం మీది గుడి గోపురం కళ్లకు కనిపిస్తున్నా సరే. ఒకసారి బరంపురం నుంచి వచ్చిన కాలేజీ కుర్రవాళ్లు, ఇంకో అరగంటలో చేరిపోతాం, ఇంత దూరం వచ్చి వెనక్కి పోవడమేమిటని గొడవ పెట్టుకున్నారు. ఆయన వాదించలేదు. ఒంటరి చెట్ల కిందికి పోవద్దని, ఒకరికొకరు ఎడంగా నడవాలని మాత్రం చెప్పి తాను దిగడం మొదలుపెట్టారు. వారు గొణుక్కుంటూనే వెంట వచ్చారు. ఆ రోజు పిడుగు పడలేదు, వాన కూడా సరిగా పడలేదు. కింద టీ కొట్టు దగ్గర ఒకడు ఆ మాటే ఎత్తి చూపితే, "మంచిదేగా, అందరం కలిసి టీ తాగుతున్నాం" అన్నారు. ఆయన జాగ్రత్త వృథా అయిన రోజులే ఎక్కువ. వృథా అయినందుకు ఆయన ఎన్నడూ నొచ్చుకోలేదు. నాకు ఆయనలో అన్నిటికన్నా అబ్బురంగా తోచేది ఇదే.

ఆయనకు దారి చూపింది సవరలు. మహేంద్రగిరి చుట్టూ, ఇటు గుణుపురం వైపు పుట్టాసింగి దాకా ఉన్న సవర ఊళ్లలో కొండవాలును రాతికట్టలతో మెట్లు మెట్లుగా మలిచి, పై మడిలో నిండిన నీరు కింది మడికి దిగేలా వరి పండించే నేర్పు చూస్తే ఏ ఇంజినీరుకైనా తల వంగుతుంది. మావయ్య మొదటిసారి పైకి వెళ్లిన రోజున, తాము బూట్లూ తాళ్లూ వేసుకుని చెమటలు కక్కుతూ ఎక్కుతున్న అదే బండల మీదుగా, నెత్తిన చింతపండు గంపలూ కొండచీపుర్ల మోపులూ పెట్టుకుని, వట్టి కాళ్లతో, మాట్లాడుకుంటూ నవ్వుకుంటూ సంతకు దిగుతున్న ఆడవారు ఎదురయ్యారట. ఎందుకు ఎక్కుతున్నారని వారు అడిగితే, ఊరికే, చూడడానికి అన్నారట. వారికి ఆ జవాబు చాలాసేపు నవ్వు తెప్పించింది. అప్పటి నుంచి, తన యాత్రల గురించి ఎవరు పొగిడినా, ఆ దారిలో వారానికొకసారి సంతకు నడిచే ఆడవారు ఉన్నారని చెప్పకుండా ఆయన ఆ పొగడ్తను పుచ్చుకోలేదు. మన సరదా వారి నిత్యకృత్యం అని తెలిశాక మనిషికి కొంత సిగ్గు కలగాలి. ఆయనకు కలిగింది, అందుకే ఆయన ఆ దారులను తానే కనిపెట్టినట్టు ఎక్కడా చెప్పుకోలేదు.

అసలు ఈ ఊరి మొదటి సాహసి ఎవరంటే ఆయన గిడుగు రామమూర్తి పంతులుగారి పేరు చెప్పేవారు. 1880లో ఇక్కడి బడికి మాస్టరుగా వచ్చిన పంతులుగారు సవరల భాష నేర్చుకోవాలని కొండ ఊళ్లు పట్టుకు తిరిగారు, వారి పిల్లలకు వారి భాషలోనే పుస్తకాలు రాశారు, 1931లో సవర వ్యాకరణాన్ని వెలువరించారు. ఆ తిరుగుళ్లలో పట్టిన మలేరియాకు వాడిన క్వినైన్ వల్ల ఆయన వినికిడి పోయింది. భాష వినడానికి వెళ్లినవారికి చెవులే పోయాయి, దోమను తక్కువగా చూడకండి అని మావయ్య పిల్లలతో అనేవారు. ఆర్. ఉదయగిరిలో ఉండగా తనకూ ఆ జ్వరం తగిలింది. ఒళ్లు విరిగిపోయే చలితో పడుకుని కూడా, మందు మొదలుపెట్టే ముందు రక్తం తీయించి పరీక్షకు పంపించుకున్నారు. దక్షిణ ఒడిశా కొండల్లో ఎక్కువగా ఉండేది మెదడుకు ఎక్కే ఫాల్సిపారం రకం కనుక ఊహ మీద మందు వేసుకోవడం ఆయనకు నచ్చలేదు. తర్వాత కాలంలో దమన్ పేరుతో ఒడిశా ప్రభుత్వం మారుమూల ఊళ్లలో పరీక్షలు చేసి దోమతెరలు పంచినప్పుడు, రిటైరైన ఈ మనిషి ఊరూరా తిరిగి తెర ఎలా కట్టాలో, అంచులు చాప కిందికి ఎలా దోపాలో చూపించారు. అలా దోపితే కట్లపాము కూడా లోపలికి రాదని చెప్పేవారు. దోమకన్నా పాము మాట చెబితేనే జనం శ్రద్ధగా దోపుకునేవారట.

జయపురం రోజుల్లో గుహల మీద మనసుపడింది. గుప్తేశ్వరం అందరూ వెళ్లేదే. శబరి ఒడ్డున, అడవి మధ్య, సున్నపురాతి గుహలో శివుడు. ఆయన భక్తులతో పాటు దర్శనం చేసుకుని, ఆ రాతిని నీరు ఎలా తొలిచిందో చూడడానికి ఆ చుట్టుపక్కల తిరిగేవారు. గుహలో నియమం ఒక్కటే. ఒక మనిషి దగ్గర వేరు వేరు వెలుగులు మూడు ఉండాలి, రెండోది వాడవలసి వచ్చిన క్షణమే బయటికి బయలుదేరాలి. వానాకాలంలో ఏ గుహలోకీ వెళ్లలేదు. 1672 మీటర్ల దేవమాలి కూడా ఎక్కారు. అది గడ్డి కొండ, గాలి తప్ప ఇబ్బంది లేదని రెండు మాటల్లో తేల్చేశారు.

అత్తయ్య ముందు వరుసలోనే ఉన్నారు కనుక ఈ మాట ఆమె ఎదుటే చెబుతాను. ఆయన అభిరుచి ఖర్చు ఇంటి మీద పడింది. పెళ్లిళ్లకు, పేరంటాలకు ఆమె ఒంటరిగా వెళ్లి, ఆయన ఏరీ అని అడిగినవారికి సమాధానం చెప్పుకున్నారు. మా అమ్మ అయితే తమ్ముడి మీద ఈ విషయంలో చివరి దాకా కోపంగానే ఉంది, ఆ కోపంలో న్యాయం ఉంది. ఆయన వెళ్లే ముందు ప్రతిసారీ ఒక చీటీ రాసి దేవుడి గూట్లో పెట్టేవారు. ఏ దారిన ఎక్కుతున్నాం, ఏ దారిన దిగుతాం, వెంట ఎవరెవరు, ఏ వేళకు తిరిగి వస్తాం, ఆ వేళ దాటి ఎన్ని గంటలకు రాకపోతే ఏ ఊళ్లో ఎవరికి కబురు చేయాలి, అన్నీ అందులో ఉండేవి. ఆ గంటలు లెక్కపెట్టుకుంటూ మేలుకుని కూర్చున్నది అత్తయ్య. ఒక రాత్రి చీటీలో రాసిన వేళ దాటగానే ఆమె ఎవరినీ అడగకుండా, చెప్పులు వేసుకుని, లాంతరు పట్టుకుని, చీటీలో ఉన్న మనిషి ఇంటికి నడిచి వెళ్లి కబురు బయలుదేరదీశారు. వాగు పొంగి అవతల ఆగిపోయిన వారికి తెల్లవారేసరికి తాడు అందింది. ఆయన గురించి చెప్పే కథల్లో ఈ రాత్రి ఉండదు. ఉండాలి.

2015లో మన నెల్లూరు జిల్లా బిడ్డ మల్లి మస్తాన్ బాబు ఆండీస్ పర్వతాల్లో మరణించినప్పుడు, నాలుగేళ్ల తర్వాత, ఒడిశా నుంచి తొలిసారి ఎవరెస్ట్ ఎక్కిన ఢెంకనాల్ ఆడపడుచు కల్పనా దాస్ 2019 మేలో మళ్లీ ఆ శిఖరానికే వెళ్లి దిగుతూ కన్నుమూసినప్పుడు, ఆ వార్తలు చదివి మావయ్య రోజంతా ఎవరితోనూ మాట్లాడలేదు. ఇంటికి వచ్చినవారు, ఇందుకే అనేది ఈ పిచ్చి పనులు వద్దని, అంటూ మొదలుపెడితే ఆయన మొహం ఎర్రబడేది. ఆ ఇద్దరూ జాగ్రత్త తెలియక పోయారని తేలికగా అనే హక్కు కింద కూర్చున్న మనకు లేదని, ఎంత జాగ్రత్తపడినా కొండ చేతిలో కొంత మిగిలే ఉంటుందని, ఆ మిగిలినదాన్ని తెలిసే ఒప్పుకుని వెళతారని చెప్పేవారు. తాను అంత పెద్ద కొండలకు వెళ్లకపోవడానికి కారణం కూడా దాచలేదు. ఆ మిగిలిన భాగాన్ని ఒప్పుకునే గుండె తనకు లేదన్నారు. ఆయనను భయం ఎరగని మనిషి అన్నవారు ఈ మాట విని ఉంటే బాగుండేది.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటి మన జిల్లా మీదుగా వెళ్లినప్పుడు ఆయనకు డెబ్బై నిండాయి. గాలి తగ్గగానే జనం బయటికి వచ్చి గండం గడిచిందనుకుంటున్నారు. ఆయన మాత్రం కొండ మీద కురిసిన వాన ఇంకా దారిలోనే ఉందని ఇల్లిల్లూ తిరిగి చెప్పారు. ఏరు పొంగిన తర్వాత నీళ్లు దాటుతున్న కల్వర్టు మీద మోటారు సైకిళ్లతో వెళ్లబోయిన కుర్రవాళ్లకు అడ్డంగా కుర్చీ వేసుకుని కూర్చున్నారు. వేగంగా పారే నీరు జానెడు లోతు కూడా లేకుండానే మనిషిని పడగొట్టగలదు, రెండడుగుల లోతుంటే కారును సైతం ఎత్తుకుపోగలదు. ఆ లెక్క చెప్పినా వినని వారికి, ముందు నన్ను తొక్కి వెళ్లండి అన్నారు. తిట్టినవారూ ఉన్నారు. కుర్చీ మాత్రం సాయంత్రం దాకా కదలలేదు.

ఆయన వస్తువుల గురించి చాలామంది అడుగుతున్నారు. పటాలు, దారుల వివరాలు రాసుకున్న పుస్తకాలు, ఏ ఊళ్లో ఏ నెలలో ఏ వాగు ఎంత లోతుందో నింపిన పట్టికలు ఈ ఊరి గ్రంథాలయానికి ఇస్తున్నాము, ఎవరైనా చూసుకోవచ్చు. దిక్సూచి, లాంతర్లు పిల్లలు పంచుకున్నారు. తాళ్లు మాత్రం ఎవరికీ ఇవ్వడం లేదు. జ్ఞాపకంగా ఒక్కటైనా ఇమ్మని అడిగినవారు నొచ్చుకోవద్దు. నైలాన్ తాడు ఎండకూ వయసుకూ లోపల్లోపల చివికిపోతుంది, పైకి కొత్తదానిలాగే ఉంటుంది, వాడినా వాడకపోయినా పదేళ్లు దాటితే దాని మీద ప్రాణం వేలాడదీయకూడదు. ఆయన పెట్టెలో ఉన్న తాళ్లన్నీ ఆ వయసు దాటినవే. జ్ఞాపకం అని తీసుకున్నది ఏదో ఒక రోజు ఎవరి నడుముకో చేరుతుంది. అందుకని వాటిని ఆయన అలవాటు ప్రకారమే ముక్కలు చేసి పశువులు కట్టుకునే వారికి ఇచ్చేశాము.

వచ్చే కార్తీకంలో, వానలు పూర్తిగా వెనక్కి తగ్గిన తర్వాత, ఒక ఆదివారం ఆయన పేరున మహేంద్రగిరి నడక పెట్టుకున్నాము. జీపులు ఉండవు, పాత కాలిబాటనే వెళతాము. దారి చూపేది సవర పెద్దలు, వారు ఆగమన్న చోట ఆగాలి. ఒక్కొక్కరూ రెండు లీటర్ల నీళ్లు, పొడి చొక్కా, ఈల తెచ్చుకోవాలి. బయలుదేరే ముందు సంచులు విప్పి చూసే పని నాది, మొహమాటం ఉండదు. ఉరుము వినిపిస్తే శిఖరం ఎంత దగ్గరలో ఉన్నా దిగిపోతాము, ఆ షరతుకు ఇష్టం లేనివారు ఇప్పుడే చెప్పడం మంచిది. చీటీ యథాప్రకారం దేవుడి గూట్లో ఉంటుంది. పేర్లు ఇవ్వదలచినవారు సభ అయిపోయాక అత్తయ్య దగ్గరకు వెళ్లి, ఇంట్లో ఎవరికి కబురు చేయాలో ఆ వివరంతో సహా రాయించండి. నమస్కారం.